క్లోమపు తోకను తీసేటప్పుడు ప్లీహం కోసం ఎంతవరకు తెగించాలి?

హనుమకొండ సర్జన్:
క్లోమగ్రంథి తోకలోని గడ్డను లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా, కెమెరా సాయంతో) తీసేటప్పుడు, దాని పక్కనే ఉండి రక్తంలోని క్రిములను వడగట్టే ప్లీహాన్ని నిలబెట్టడానికి ఎంత రిస్క్ తీసుకోవచ్చన్నది నా ప్రశ్న. అడినోకార్సినోమా (క్లోమానికి వచ్చే ప్రధాన క్యాన్సర్) సంగతి అడగడం లేదు; అక్కడ ప్లీహ ముఖద్వారం (రక్తనాళాలు ప్లీహంలోకి చేరే చోటు) దగ్గరి లింఫ్ గ్రంథులను కూడా తీయాలి కాబట్టి ప్లీహం పోవలసిందే. అంతకంటే నెమ్మదైన రకాలున్నాయి: ముసినస్ సిస్టిక్ గడ్డలు (జిగురు ద్రవం నిండిన తిత్తులు), చిన్న న్యూరోఎండోక్రైన్ గడ్డలు (హార్మోన్ కణాల నుంచి పుట్టేవి), ఎక్కువగా యువతుల్లో కనిపించే సాలిడ్ సూడోపాపిల్లరీ గడ్డలు, వీటి మాటేమిటి?

నా పద్ధతి చెబుతాను. 1996లో జపాన్ సర్జన్ కిమురా వివరించినట్టు ప్లీహ ధమనిని, సిరను రెంటినీ కాపాడుతూ మొదలుపెడతాను. ఇబ్బంది అంతా సిరతోనే. అది క్లోమం వెనుక గాడిలో ఒదిగి ఉంటుంది, దానిలోకి వచ్చే సన్నని కొమ్మలు కొంచెం లాగితే తెగిపోతాయి. సూదిమొనంత రంధ్రం పడినా స్క్రీన్ మొత్తం ఎర్రబడుతుంది. అప్పుడు చిన్న గాజ్ గుడ్డ ముక్కతో అదిమిపట్టి, ఏమీ చేయకుండా నిమిషాలు లెక్కపెట్టుకుంటూ నిలబడగలగడమే అసలు నేర్పు. అప్పటికీ రక్తం ఆగకపోతే అమెరికా సర్జన్ వార్షా పేరున్న పద్ధతికి మారతాను. అంటే ప్రధాన నాళాలు రెంటినీ కట్టేసి, జీర్ణాశయం నుంచి వచ్చే పొట్టి నాళాల మీద ప్లీహాన్ని బతకనివ్వడం. ప్లీహాన్ని తీసేయడం చివరి మాట.

వరంగల్ నుంచి మరో సర్జన్:
మిత్రుడి క్రమం బాగానే ఉంది గానీ, వార్షాను అంత తేలికగా రెండో మెట్టుగా చూపడం నాకు నచ్చలేదు. 1988 నుంచి ఆ పద్ధతి వాడుకలో ఉంది, త్వరగా అయిపోతుంది, నిజమే. అయితే ప్లీహంలో కొంత భాగం రక్తం అందక చచ్చుబడటం, ఎడమ పక్క నొప్పి, జ్వరం, అరుదుగా చీముగడ్డ, కొన్నేళ్ల తర్వాత సీటీలో జీర్ణాశయం చుట్టూ ఉబ్బిన సిరలు కనిపించడం, ఇవన్నీ నాళాలను కాపాడినవారికంటే వార్షా జరిగినవారిలోనే ఎక్కువ. వీటిలో చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయని నేనూ ఒప్పుకుంటాను.

ప్లీహం నిలబెట్టినప్పుడు రక్తస్రావం తక్కువని చూపే పోలికల మీద కూడా నాకు సందేహమే. అవి ఎక్కువగా పాత రికార్డులు తిరగేసి చేసినవి. సులువైన కేసుల్లో ప్లీహం నిలుస్తుంది, కష్టమైన కేసుల్లో పోతుంది, ఆ తేడాను మనం పద్ధతి ఖాతాలో వేస్తున్నాం. ఇక దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమపు వాపు) వల్ల సిర ముందే మూసుకుపోయినవారిలో ఈ చర్చకే తావు లేదు.

ములుగు జిల్లా పీహెచ్‌సీ వైద్యురాలు:
సర్జన్లిద్దరూ ఆపరేషన్ టేబుల్ దగ్గరే ఆగిపోయారు. ఆ మనిషి ఇంటికి వెళ్లాక ఏమవుతుందో చూసేది మేము. ఏటూరునాగారం వైపు పెద్దలు "కడుపులో బల్ల" అనేది ఉబ్బిన ప్లీహాన్నే. మలేరియా ఉన్న చోట ఆ మాట అందరికీ తెలుసు. ప్లీహం లేని మనిషికి అదే మలేరియా తీవ్రంగా రావచ్చు. న్యూమోకాకస్ వంటి బ్యాక్టీరియా రక్తంలో చేరితే మామూలు జ్వరంలా మొదలై, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. 1952లోనే పసిపిల్లల్లో దీన్ని గుర్తించారు. మొదటి రెండు మూడేళ్లు ప్రమాదం ఎక్కువ, కానీ ముప్పు జీవితాంతం ఉంటుంది.

ఒకామె చలిజ్వరంతో వచ్చింది. పాలిథీన్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన డిశ్చార్జ్ కాగితంలో ప్లీహం తీసేశారన్న సంగతి ఒకే ఒక్క వరుసలో ఉంది. టీకాల ఊసే లేదు. రెండు రోజులు ఊళ్లోనే పారాసిటమాల్ మింగిందట. యాంటీబయాటిక్ మొదలుపెట్టి వెంటనే పెద్దాసుపత్రికి పంపాం, బతికింది. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి సార్.

కరీంనగర్ నుంచి ఒక రోగి బంధువు:
మా అక్కకు ఇదే ఆపరేషన్ చెప్పారు. ముందుగా ఏమి అడగాలి?

ములుగు జిల్లా పీహెచ్‌సీ వైద్యురాలు:
అమ్మా, లేదా తమ్ముడూ, న్యూమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి) అనే మూడు బ్యాక్టీరియాల టీకాలు ఆపరేషన్‌కు కనీసం 2 వారాల ముందే వేస్తారా అని అడగండి. అప్పుడు కుదరకపోతే, ప్లీహం తీసిన 14 రోజుల తర్వాత వేస్తారు. ప్లీహం తీసేస్తే ఆ సంగతి రాసిన కార్డు అక్క పర్సులో ఎప్పుడూ ఉండాలి. జ్వరం వస్తే మొదటి డోసు వేసుకోవడానికి ఇంట్లో ఏ యాంటీబయాటిక్ ఉంచుకోవాలో డాక్టర్‌తో రాయించుకోండి. మాత్ర వేసుకున్నాక కూడా ఆసుపత్రికి వెళ్లవలసిందే.

హనుమకొండ సర్జన్:
మేడమ్ చెప్పినది ఒప్పుకుంటున్నాను. ప్లీహం ఉంటుందా పోతుందా అన్నది లోపలికి వెళ్లాకే తేలుతుంది కాబట్టి, టీకాలు అందరికీ ముందే వేయాలి. ప్లీహం నిలిచినా, వేసిన టీకా వల్ల నష్టమేమీ లేదు. పెరుగుదల నెమ్మదిగా ఉండే గడ్డల్లో రెండు వారాల ఆలస్యం సాధారణంగా పెద్ద విషయం కాదు.

వరంగల్ నుంచి మరో సర్జన్:
మేడమ్ మాటలో మనిద్దరం గమనించని మెలిక ఒకటి ఉంది. మలేరియా ప్రాంతం నుంచి వచ్చినవారికే ప్లీహం ఎక్కువ అవసరం. కానీ వారిలోనే అది పెద్దదై ఉండే అవకాశం ఉంది. పెద్ద ప్లీహానికి పొట్టి నాళాల రక్తం చాలదు. కాబట్టి అలాంటివారిలో వార్షా పనికిరాదు, కిమురా కుదరాలి లేదా ప్లీహం తీసేయాలి. గడ్డ కోసం తీసిన సీటీలోనే ప్లీహం పొడవు కూడా కొలిచి కేస్ షీట్‌లో రాస్తే, సిర చిరిగిన క్షణంలో తడుముకోవలసిన పని ఉండదు.

హనుమకొండ సర్జన్:
సరే, ఆ కొలత రాయడం రేపటి నుంచే మొదలుపెడతాను. మామూలు సైజు ప్లీహం ఉన్నవారిలో మాత్రం వార్షా నా రెండో మెట్టుగానే ఉంటుంది.