అక్క పిల్లల ఉంగరాల జుట్టు, ఓణీల ఫంక్షన్ – సలహా కావాలి

ఇర్వింగ్ నుంచి:

అక్కలకు, అన్నయ్యలకు నమస్కారం. నేను అమెరికా వచ్చి పది వారాలైంది. ఎంఎస్‌లో చేరాను, మా అక్క వాళ్లింట్లోనే ఉంటున్నాను. బావగారు ఇక్కడే టెక్సస్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి అమెరికన్. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదహారు, చిన్నదానికి పదకొండు. పిన్నీ పిన్నీ అని నా వెంటే తిరుగుతారు. అక్కకి ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు, బావగారిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. అందుకని పిల్లల పనులు కొన్ని నేను చూస్తున్నాను.

పోయిన శనివారం పెద్దదాని తల దువ్వబోయాను. మనింట్లో దువ్వినట్టే, పొడి జుట్టు మీద, పైనుంచి కిందికి. దువ్వెన పళ్లు రెండు విరిగాయి. "ఏంటే తల్లీ, ఇది జుట్టా, పీచా?" అన్నాను. ముద్దుగానే అన్నాను. తను లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అప్పట్నుంచి తల మీంచి హుడీ తియ్యడం లేదు, నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

పైగా మార్చిలో చిన్నదాని ఓణీల ఫంక్షన్. ఇద్దరికీ జుట్టు స్ట్రెయిట్ చేయించేస్తే పూలజడ చక్కగా కుదురుతుందని మా అమ్మ ఫోన్‌లో పోరు పెడుతోంది. అక్కని అడిగితే "నాకు ఓపిక లేదు, నువ్వే చూడు" అంటోంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి ఇంట్లో పిల్లల్ని పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

హ్యూస్టన్ నుంచి:

అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా ఆయన కూడా నల్లజాతి అమెరికనే. పెళ్లై ఇరవై ఆరేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు, ఇప్పుడు ఇరవై మూడు, పంతొమ్మిది. నువ్వన్న మాటలు నా నోటి వెంటా వచ్చాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పిల్ల దగ్గరికెళ్లి తప్పయిందని చెప్పు. ముద్దుగా అన్నానని సర్దిచెప్పకు. "నీ జుట్టు సంగతి నాకు తెలీదు, నోరు జారాను, నేర్పిస్తే నేర్చుకుంటాను" అను, చాలు. పెద్దవాళ్లు పిల్లలకి సారీ చెప్పడం మన ఇళ్లల్లో అలవాటు లేదు. అయినా చెప్పు. ఆ మాట బడిలో ఎన్నిసార్లు పడి వచ్చిందో మనకి తెలీదు. ఇంట్లోనూ అదే వింటే ఇంకెక్కడికి పోతుంది?

చింపిరి జుట్టు, కాకిగూడు, జుట్టు విరబోసుకుని దయ్యంలా తిరగడం... ఈ మాటలు మనం వింటూ పెరిగాం, ఆలోచించకుండానే వచ్చేస్తాయి. కానీ ముంగురులు అన్న అందమైన మాట కూడా మనదే కదా. రింగులు, ఉంగరాలు, ముంగురులు అనే మాటలే మా ఇంట్లో ఉంచాను. పాతవి మానడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇక జుట్టు సంగతి. ఆ వెంట్రుక కుదురులోంచే మెలికలు తిరుగుతూ వస్తుంది. మాడులో ఊరే జిడ్డు తిన్నటి వెంట్రుక మీదైతే చివరిదాకా జారుతుంది, మెలికల మీద జారదు. అందుకే మాడు బాగానే ఉన్నా చివర్లు ఎండిపోతాయి. ఎండిన జుట్టుని దువ్వితే తెగుతుంది. నువ్వు చేసిందదే. బాగా తడిపి, చేతినిండా కండిషనర్ రాసి, తలని నాలుగైదు పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టు. ఒక్కో పాయలో చిక్కు ముందు వేళ్లతో విప్పి, ఆ తర్వాత వెడల్పు పళ్ల దువ్వెన పట్టుకో. చివర్ల దగ్గర మొదలుపెట్టి మెల్లగా మొదళ్ల వైపు రావాలి. కుదురు పైన పాయని ఎడమచేత్తో బిగించి పట్టుకుంటే మాడు లాగదు, పిల్లకి నొప్పి తెలీదు. పేలదువ్వెన మాత్రం దగ్గరికి రానీయకు.

కడిగాక తడి ఆరకముందే లీవ్ ఇన్ కండిషనర్, అంటే రాసి కడగకుండా వదిలేసేది, దానిమీద కాస్త నూనె. నూనె లోపలి తడిని పట్టి ఉంచుతుంది, తనంతట తను తడి ఇవ్వదు. పొడి తలకి కొబ్బరినూనె దట్టించి పనైపోయిందనుకుంటే లాభం లేదు. కుంకుడుకాయలు, శీకాయపొడి సూట్‌కేసులో తెచ్చుకుని ఉంటావు, వాటితో ఆ జుట్టుకి ఉన్న కాస్త జిడ్డూ పోతుంది. వారానికో పది రోజులకో ఒకసారి తలస్నానం సరిపోతుంది. రోజూ చెయ్యకపోతే మురికి అని ఎవరన్నా అంటే అక్కడే ఆపెయ్యి. రాత్రిపూట తలకి సాటిన్ బానెట్, అంటే నున్నటి గుడ్డ టోపీ కావాలి, నూలు గలీబు తడిని పీల్చేస్తుంది. తడిగా ఉన్నప్పుడు భుజాలు దాటిన జుట్టు ఆరాక చెవుల దాకా ముడుచుకుంటుంది. అది చూసి జుట్టు పెరగట్లేదనకు.

దీన్నే వాళ్లిళ్లల్లో వాష్ డే అంటారు. మా అత్తగారింట్లో మొదటిసారి చూశాను. ఆవిడ వంటింటి కుర్చీలో, మనవరాలు కింద దిండు మీద, ఆవిడ మోకాళ్ల మధ్య తల. చేతి దగ్గర గిన్నెలో గోరువెచ్చని నూనె. పిల్ల బడి కబుర్లన్నీ చెబుతోంది, ఆవిడ వేళ్లు ఆగకుండా పాయలు విడదీస్తున్నాయి. నాకు తెనాలిలో మా అమ్మమ్మ, ఆదివారం తలంటు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే పీట, అదే నూనె గిన్నె, అదే కబుర్లు. అప్పటిదాకా అది నాకు రాని పని అనుకున్నాను. నాకు రానిది చేతిపని ఒక్కటే, మిగతాదంతా నేను పుట్టినింట్లో నేర్చుకున్నదే. ఆదివారం తలంటుకి పిన్ని దగ్గర కూర్చోవాలని మీ ఇంట్లోనూ ఒక పద్ధతి పెట్టు. అక్క డ్యూటీ దిగి వచ్చాక కాసేపు పక్కన కూర్చున్నా చాలు.

స్ట్రెయిట్ చేయించడం గురించి నా అనుభవం చెబుతాను. మా పెద్దదాని ఓణీల ఫంక్షన్‌కి పూలజడ హైదరాబాద్ నుంచి తెప్పించాం. అలంకరణకి వచ్చినావిడ ఈ జుట్టుకి జడ నిలవదంది. సెలూన్‌కి తీసుకెళ్లి ఐరన్ చేయించాను. నాలుగు గంటలు కూర్చుంది పిల్ల, చెవి పైన కాలింది కూడా. హ్యూస్టన్ ఉక్క తెలుసు కదా, హారతి వేళకి కుదుళ్ల దగ్గర మళ్లీ ఉంగరాలు తేలాయి. ఒకావిడ వచ్చి చేత్తో అదిమి "అయ్యో, పాడైపోతోందే" అంది. పిల్ల వాష్‌రూమ్‌లోకి వెళ్లి నలభై నిమిషాలు రాలేదు. ఆ ఫొటోలు ఇప్పటికీ తను చూడదు.

నాలుగేళ్ల తర్వాత చిన్నదానికి మా అత్తగారే తల కట్టారు. నుదుటి నుంచి మెడ దాకా కార్న్‌రోస్, అంటే మాడుకి అంటి ఉండే సన్నజడలు వరసలుగా అల్లి, చివరలన్నీ వెనక్కి తెచ్చి, అదే రింగులున్న సవరం కలిపి ఒకే లావుపాటి జడ వేశారు. ఆవిడ సవరం చూడటం అదే మొదలు కాదు, ఎక్స్‌టెన్షన్ అంటారు, అంతే. ఆ జడ మీద పూలజడ దారంతో కట్టి, చివర్న మా అమ్మమ్మ జడగంటలు పెట్టాను. కుదురుగా నిలిచింది. పిల్ల ఊరికే తల ఊపుతూ గంటల చప్పుడు వింటూ కూర్చుంది. ఒక్క జాగ్రత్త. నుదుటి అంచున సన్నజుట్టుని బిగించి అల్లకూడదు. ఏళ్ల తరబడి అలా లాగితే అక్కడ ఊడిపోతుంది, ఒక్కోసారి మళ్లీ రాదు. "నొప్పి" అని పిల్ల అంటే వదులు చేయించు.

రసాయనాలతో స్ట్రెయిట్ చేసే రిలాక్సర్ అయితే అసలే వద్దని మీ అమ్మగారికి చెప్పు. 2022లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వాళ్లు 33 వేలకు పైగా ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఏడాదిలో నాలుగుసార్లకి మించి అలాంటివి వాడినవాళ్లలో గర్భసంచి క్యాన్సర్ అవకాశం రెట్టింపుకి పైగా కనిపించింది. 70 ఏళ్లు వచ్చేసరికి వాడనివాళ్లలో 1.64 శాతం, అలా తరచూ వాడినవాళ్లలో 4.05 శాతం అని వాళ్ల అంచనా. అంకె చిన్నదే, కారణం అదేనని తేల్చనూ లేదు. అయినా పదకొండేళ్ల పిల్లకి ఫొటోల కోసం ఎందుకమ్మా?

అక్కచెల్లెళ్లిద్దరి జుట్టూ ఒకేలా ఉండదు, గమనించే ఉంటావు. "చిన్నదానికి మన జుట్టు వచ్చింది, అదృష్టవంతురాలు" అని మనవాళ్లెవరో తప్పకుండా అంటారు. చిన్నదానికి మెచ్చుకోలు, పెద్దదానికి చెంపదెబ్బ. వాళ్ల నాన్న వైపు కూడా మంచి జుట్టు, చెడ్డ జుట్టు అన్న పాత పట్టింపు ఉంది, రంగు పట్టింపూ ఉంది. రెండు వైపుల నుంచీ ఆ పిల్లకే తగులుతుంది. ఆ మాట వచ్చినప్పుడు నువ్వు ఊరుకోకు. అడక్కుండా జుట్టులో వేళ్లు పెట్టే ఆంటీలని కూడా ఆపు. పిల్లలు తమంతట తాము ఆపలేరు.

పెద్దదాన్ని ఒకసారి జుట్టు సామాన్లు అమ్మే బ్యూటీ సప్లై షాపుకి తీసుకెళ్లు. గోడనిండా "ఇండియన్ హెయిర్" అని రాసిన పాకెట్లు వేలాడుతుంటాయి. మా పెద్దది పద్నాలుగేళ్లప్పుడు అదేంటని అడిగింది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తారు కదా, దేవస్థానం వాటిని వేలం వేస్తుంది, అలాంటి జుట్టే శుభ్రమై విగ్గులూ ఎక్స్‌టెన్షన్లూ అయి ఇక్కడిదాకా వస్తుందని చెప్పాను. అది చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నాన్న వైపు అత్తయ్యలు కొనుక్కునేది అమ్మ వైపు అమ్మమ్మలు ఇచ్చిందా?" అంది. ఇంకో సంగతి చెప్పాను, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, ఆ పేరు నిజాం గారి ఆఫ్రికన్ కావలరీ గార్డ్స్ నుంచి వచ్చింది. వాళ్ల వారసులు అక్కడే ఉన్నారు. మన గడ్డ మీద కూడా ఆ జుట్టు కొత్త కాదని దానికి తెలియాలనిపించింది.

ఒక్కటి మర్చిపోకు. ఇదంతా నువ్వొక్కదానివే చెయ్యాల్సింది కాదు. వాళ్ల నానమ్మకి, మేనత్తకి ఫోన్ చేసి నేర్పమని అడుగు. మనవాళ్లు చాలామంది అటువైపు అడగటానికి నామోషీ పడతారు. నేను మూడేళ్లు పడ్డాను. ఆ మూడేళ్లూ నా పిల్లే నష్టపోయింది.

అదే ఇంటి నుంచి, పెద్దమ్మాయి చెబుతుంటే అమ్మ టైపు చేస్తోంది:

పిన్నిగారూ, ఊరికే అందంగా ఉన్నావని చెప్పకండి, మేం నమ్మం. తనతో తెలుగులో మాట్లాడండి. గుడిలో నేను తెలుగులో అడిగినా అందరూ నాకు ఇంగ్లీషులోనే జవాబిస్తారు, మా అమ్మతో మాత్రం తెలుగులో మాట్లాడతారు. జుట్టు కన్నా అది నాకు ఎక్కువ బాధ. ఇంకోటి, హాఫ్ ఇండియన్ అనకండి. నేను మొత్తం తెలుగు అమ్మాయినే, మొత్తం నల్లజాతి అమ్మాయినే. ఇక్కడి జనాభా లెక్కల ఫారంలో కూడా 2000 నుంచి జాతి అన్నచోట ఒకటికి మించి గళ్లు నింపొచ్చు. కమలా హారిస్ 2021లో ఉపాధ్యక్షురాలైనప్పుడు, ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి, వాళ్లమ్మ చెన్నై నుంచి, నాన్న జమైకా నుంచి అని టీవీలో పదేపదే చెబుతుంటే, మా ఇల్లు ఎలాంటిదో నేనెవరికీ వివరించక్కర్లేదని మొదటిసారి అనిపించింది.

ఫ్రిస్కో నుంచి:

ఒక్క విషయం. బడిలో ఎవరైనా జడల గురించి, ట్విస్టుల (రెండు పాయలు మెలిపెట్టి వేసే జడల) గురించి అభ్యంతరం పెడితే భయపడకండి. క్రౌన్ యాక్ట్ అని చట్టం ఉంది. 2019లో కాలిఫోర్నియా మొదట తెచ్చింది. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. జుట్టు తీరును బట్టి, జాతితో ముడిపడిన బ్రెయిడ్స్ (అల్లిన జడలు), లాక్స్ (తాళ్లలా చుట్టుకున్న పాయలు), ట్విస్టుల లాంటి జడల్ని బట్టి బడిలోగాని ఉద్యోగంలోగాని వివక్ష చూపకూడదు. ఏదైనా జరిగితే ఆ రోజే మెయిల్ రాసి పెట్టండి, నోటిమాటగా వదలొద్దు.

ఇర్వింగ్ నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. మంగళవారం సారీ చెప్పాను. ఏమీ అనలేదు. గురువారం వాళ్ల నానమ్మకి వీడియో కాల్ చేసి ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టాను. ఆవిడ చూస్తుండగా చిన్నదానికి మొదలుపెట్టాను. నాలుగు పాయలు అనుకున్నది తొమ్మిదయ్యాయి. "వేళ్లు, బేబీ, ముందు వేళ్లు" అని ఆవిడ అటునుంచి అరుస్తూనే ఉన్నారు. గంటన్నర పట్టింది. ఒక్క దువ్వెన పన్ను కూడా విరగలేదు.

పెద్దది గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది. ఆఖర్న వచ్చి హుడీ తీసి, మెడ వెనక చిక్కు పడిన ఒక్క పాయ మాత్రం చూపించి, "ఇది చెయ్యి పిన్నీ, మిగతాది నేను చేసుకుంటా" అంది. చేశాను. మార్చిలో నానమ్మ వారం ముందే వస్తానన్నారు. మా అమ్మకి ఇంకా చెప్పలేదు, ఈ రాత్రి ఫోన్ చేస్తాను. హ్యూస్టన్ అక్కగారూ, ఆ రింగుల సవరం ఏ పొడవుది కొనాలో, పూలజడ బరువుకి ఎన్ని దారాలు కట్టారో రాయగలరా?