జోరో, సాంజీల మధ్య తేడా నిజంగా ఎంత?

రాత్రి_చాప్టర్:
వన్ పీస్ అనే జపనీస్ కామిక్‌లో వానో దేశం కథ రెండోసారి చదవడం మొన్నే అయింది. కెప్టెన్ లూఫీ పైరేట్ గుంపులో కత్తియోధుడు జోరో, కాళ్లతో కొట్లాడే వంటవాడు సాంజీ, ఇద్దరిలో ఎవరు ఎక్కువ బలవంతుడన్నదే నా ప్రశ్న. మొదటిసారి చదివినప్పుడు జోరోనే ముందున్నాడని కళ్లు మూసుకుని చెప్పేవాడిని, ఇప్పుడు డౌట్ వస్తోంది. బౌంటీ (పట్టిస్తే ఇచ్చే బహుమతి) చూస్తే జోరోకి 111 కోట్ల 10 లక్షల బెర్రీలు, సాంజీకి 103 కోట్ల 20 లక్షలు. విలన్ కైడో అనుచరుల్లో జోరో చేతిలో ఓడిపోయిన కింగ్‌కి 139 కోట్లు, సాంజీ చేతిలో ఓడిపోయిన క్వీన్‌కి 132 కోట్లు. ఇటు చూసినా అటు చూసినా తేడా ఏడెనిమిది కోట్లే. రచయిత ఓడా కావాలనే ఇద్దరినీ పక్కపక్కన నడిపిస్తున్నాడా, లేక జోరో అసలు వేరే లెవెలా? "నాకు జోరో ఇష్టం" టైపు జవాబులు వద్దు, సీన్ చూపించి మాట్లాడండి.

మూడో_కత్తి:
సీనే కావాలంటే కైడో ఉండే ఓనిగాషిమా కోట పైకప్పు మీదకి పదండి. కైడో, అతనితో చేతులు కలిపిన పైరేట్ నాయకురాలు బిగ్ మామ్ ఇద్దరూ కలిసి కొట్టిన దెబ్బని జోరో కత్తులు అడ్డం పెట్టి ఒక్క క్షణం ఆపాడు, మిగతావాళ్లు తప్పుకోవడానికి ఆ క్షణమే సరిపోయింది. అయినా పడిపోకుండా, అషురా అనే కత్తి దెబ్బతో కైడో ఒంటి మీద మచ్చ మిగిల్చాడు. తర్వాత రెట్టింపు నొప్పి వస్తుందని తెలిసీ మింక్‌ల (జంతువుల్లాంటి మనుషుల జాతి) మందు వేయించుకుని కింగ్ మీదకి వెళ్లాడు. సాంజీ ఖాతాలో ఇలాంటిది ఒక్కటి చూపించండి.

నీలిమంట:
ఒళ్లంతా కట్లతో ఉన్న ఆ జోరోని మోసుకుని తిరిగింది ఎవరు బ్రో, సాంజీయే కదా? సరే, అది పక్కన పెడదాం. కింగ్ వీపు మీద మంట ఉన్నంతసేపూ ఏ దెబ్బా ఎక్కదు, ఆరితే వేగం పెరుగుతుంది కానీ ఒళ్లు మెత్తబడుతుంది. అది కనిపెట్టాకే కదా జోరో కత్తి పని చేసింది. అటు క్వీన్ పట్టుకుని నలిపేస్తే సాంజీ ఎముకలు వంగిపోయి మళ్లీ వాటంతటవే సర్దుకున్నాయి, ఆ ఒంటికి ఇఫ్రీట్ జాంబ్ (మండే కాలితో తన్నే దెబ్బ) కూడా తోడైతే క్వీన్ ఏం చేయగలడు? ఒప్పుకోవాల్సింది ఒకటుంది, కింగ్ ఎదురైతే సాంజీకి కష్టమే, నిప్పులో పుట్టినవాడి లాంటి మనిషిని నిప్పు కాలితో తంతే ఏం లాభం. ఇక కైడో గుంపులోని బ్లాక్ మారియా దగ్గర తన్నులు తిని తన గుంపులోని రాబిన్‌ని పిలవడం బలం తక్కువై కాదు, ఆడవాళ్ల మీద కాలెత్తడు కాబట్టి. దాన్ని లెక్కలో వేస్తారా వేయరా అన్నది మీ ఇష్టం.

పాత_వాల్యూమ్:
బౌంటీతో బలం కొలవకండి, అదే గుంపులోని డాక్టర్ చాపర్‌కి ఇప్పటికీ 1000 బెర్రీలే. ఒకప్పుడు సాంజీకి 33 కోట్లు, జోరోకి 32 కోట్లు ఉండేవి, అప్పుడు సాంజీ బలవంతుడైపోయాడా? వానోకి చాలా ముందు వచ్చిన ఎనీస్ లాబీ కథలో అయితే డోరికి అని ఏకంగా బలానికే నంబర్ ఇచ్చారు, జోరోతో తలపడ్డ కాకుకి 2200, సాంజీతో తలపడ్డ జబ్రాకి 2180. ఇరవయ్యే తేడా! జోరో అర అడుగు ముందు, అంతకంటే ఎక్కువ కాదు, నాకు అప్పుడూ ఇప్పుడూ కనిపించింది ఇదే. క్వీన్‌తో ఫైట్ మధ్యలో, తను తనలా లేకుండా పోతే చంపేయమని సాంజీ కాల్ చేసి అడిగింది కూడా జోరోనే.

మూడో_కత్తి:
చూశారా, తనని చంపగలిగేది జోరో ఒక్కడే అని సాంజీకే తెలుసు.

నీలిమంట:
లూఫీని అడిగితే చస్తే చేయడు, అందుకే జోరోని అడిగాడు. అది నమ్మకం గురూ, స్కోర్‌బోర్డ్ కాదు.

రాత్రి_చాప్టర్:
ఆ కాల్ సంగతే మర్చిపోయాను, ఇప్పుడే వెళ్లి మళ్లీ చదివాను. ఫైట్ అయ్యేదాకా చావకుండా ఉండమంటాడు జోరో, అంతే, ఎందుకని కూడా పెద్దగా అడగడు. నేను అర అడుగు దగ్గరే ఆగుతున్నా. కానీ కింగ్ మంట పాయింట్‌కి మూడో_కత్తి ఇంకా జవాబివ్వలేదు.