దర్శకుడే నిర్మాత అయితే రెండో సినిమా మాటేమిటి?

మర్రిపాలెం వాసి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో కొన్నేళ్లుగా లఘు చిత్రాలు తీస్తున్నాను. పెళ్లి వీడియోలు, చిన్న ప్రకటనల పని మీద ఇల్లు గడుస్తోంది. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాడే ఒక మహిళ చుట్టూ అల్లుకున్న పూర్తి నిడివి కథ సిద్ధంగా ఉంది. హైదరాబాదులో నేను కలిసిన నిర్మాతలు కథ బాగుందంటూనే, తెలిసిన ముఖం ఉండాలనీ యాస తగ్గించాలనీ అడిగారు. ఆ యాస తీసేస్తే కథలో ఆ మనిషే మిగలదు. అందుకని భీమిలి వైపు ఉన్న మా స్థలం అమ్మి, నేనే నిర్మాతగా తీయాలనుకుంటున్నాను. అయితే ఒక్క సినిమాతో ఆగిపోవడం నా ఉద్దేశం కాదు. వరుసగా స్వతంత్ర చిత్రాలు తీస్తూ బతకడం సాధ్యమేనా? అందుకు మొదటి సినిమా నాటి నుంచే ఏ జాగ్రత్తలు పాటించాలి?

ప్రొడక్షన్ మేనేజరు:
స్థలం అమ్మే ముందు బడ్జెట్‌ను రెండు భాగాలుగా రాసుకోండి: షూటింగు పూర్తయ్యే వరకు ఒకటి, ఫస్ట్ కాపీ (విడుదలకు సిద్ధమైన పూర్తి ప్రతి) చేతికి వచ్చే వరకు మరొకటి. చిన్న సినిమాలు ఆగిపోయేది ఎక్కువగా ఈ రెండో భాగంలోనే. ఎడిటింగ్, డి.ఐ. (రంగులు సరిచేయడం), సౌండ్ మిక్సింగ్, సెన్సారు, థియేటర్లకు పంపే డిజిటల్ ప్రతి (డి.సి.పి.) వంటి ఖర్చులన్నీ చేతిలో డబ్బు అయిపోయాకే ఎదురవుతాయి.

మీ కథకు శబ్దమే అసలు సమస్య. హార్బర్‌లో వేలం జరిగే వేళకు బోట్ల ఇంజన్లు, ఐసు పగలగొట్టే చప్పుడు, కేకలు అన్నీ ఒక్కసారే ఉంటాయి. అక్కడ మాటలు సరిగా రికార్డు కాకపోతే డబ్బింగు తప్పదు. నటనలో శిక్షణ లేని స్థానికులను తీసుకుంటే, కెమెరా ముందు సహజంగా మాట్లాడినవారు కూడా డబ్బింగు గదిలో పెదవుల కదలికకు మాట కలపలేక బిగుసుకుపోతారు. అప్పుడు వేరే గొంతు పెట్టాల్సి వస్తుంది, మీరు కాపాడుకోవాలనుకున్న యాస అక్కడే పోతుంది. కాబట్టి కెమెరా అద్దె తగ్గించుకుని అయినా షూటింగు సమయంలోనే మాటలు రికార్డు చేసే మంచి సింక్ సౌండ్ రికార్డిస్టును పెట్టుకోండి. ప్రతి సన్నివేశం అయ్యాక, ఆ మాటలనే కాస్త నిశ్శబ్దంగా ఉన్న చోట వెంటనే మరోసారి చెప్పించి రికార్డు చేయండి.

డ్రోన్ షాట్ల మీద ఆధారపడి స్క్రిప్టు రాయకండి. నౌకాదళ ప్రాంతాలకు ఇంత దగ్గరగా అనుమతులు తెచ్చుకోవడం తేలిక కాదు.

ఫిల్మ్ సొసైటీ సభ్యుడు:
సాధ్యమేనా అన్న ప్రశ్నకు నా సమాధానం: సాధ్యమే, కానీ సినిమా నుంచే ఇల్లు గడవాలని పట్టుబట్టకూడదు. అమెరికాలో దర్శకుడు జాన్ కాసవెట్స్ ఇతరుల చిత్రాల్లో నటించి సంపాదించిన సొమ్మును తన చిత్రాల్లో పెట్టారు. 1974లో వచ్చిన తన చిత్రానికి పంపిణీదారులు ముందుకు రాకపోతే తానే విడుదల చేసుకున్నారు. మన బి. నర్సింగరావు గారు 1979 నాటి ‘మా భూమి’కి నిర్మాతగా ఉండి, 1983లో ‘రంగుల కల’తో దర్శకులయ్యారు. పక్క ఆదాయం ఉండటం చిన్నతనం కాదు. మీ పెళ్లి వీడియోల పనిని దయచేసి వదలకండి.

ఇక హక్కుల సంగతి. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాతే, దర్శకుడు కాడు. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల పాటు ఆ హక్కు ఉంటుంది. మీరు నిర్మాత కావడంలో నాకు కనిపించే అతి పెద్ద లాభం ఇదే. అవసరానికి అన్ని హక్కులనూ శాశ్వతంగా ఒకేసారి రాసివ్వకుండా, ఓటీటీ హక్కులను కొన్నేళ్ల గడువుకే ఇచ్చి, రీమేక్ హక్కును మీ దగ్గరే ఉంచుకుంటే, మొదటి సినిమా రెండోదానికి ఎంతో కొంత పెట్టుబడి అవుతుంది.

జగదాంబ సెంటరు:
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తాను. నిర్మాత వేరుగా ఉంటే స్వేచ్ఛ పోతుందని ముందే నిర్ణయించుకోకండి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ను వెంకటేష్ మహా గారు ఎక్కువగా స్థానికులతోనే తీశారు. నిర్మించినది అమెరికాలో వైద్యురాలైన పరుచూరి ప్రవీణ గారు. పూర్తయ్యాక నటుడు రానా గారు సమర్పించారు, సురేష్ ప్రొడక్షన్స్ అండగా నిలిచింది. అటువంటి మనిషి కోసం ఏడాది వెదికినా నష్టం లేదు, స్థలం ఎక్కడికీ పోదు.

ఫైనాన్సు తీసుకుంటే మాత్రం షరతులు న్యాయవాదికి చూపించండి. బాకీ తేలక ఫైనాన్షియరు క్లియరెన్సు ఇవ్వకపోతే, థియేటర్లో ప్రింటు ఉన్నా దాన్ని తెరిచే డిజిటల్ కీ రాదు. ప్రకటించిన రోజే ఆట ఆగిపోయిన సినిమాలు ఉన్నాయి.

మర్రిపాలెం వాసి:
అందరికీ కృతజ్ఞతలు. స్థలం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టి, ముందు సౌండ్ ఖర్చు లెక్క వేస్తాను. మరొక సందేహం: రాష్ట్రమంతా కాకుండా ముందు ఉత్తరాంధ్ర ఏరియాలో మాత్రమే విడుదల చేయవచ్చా?

ప్రొడక్షన్ మేనేజరు:
చేయవచ్చండి. సెన్సారు సర్టిఫికెట్టు దేశమంతటికీ వర్తిస్తుంది, ఎన్ని థియేటర్లలో వేయాలన్నది మీ ఇష్టం. సినిమా పంపిణీలో ఉత్తరాంధ్ర విడిగా ఒక ఏరియా కాబట్టి ఇక్కడి డిస్ట్రిబ్యూటరుతో నేరుగా మాట్లాడుకోవచ్చు. ఒప్పందంలో మిగతా ఏరియాల ప్రస్తావన లేకుండా చూసుకోండి. ప్రతి థియేటరు రోజువారీ కలెక్షన్ రిపోర్టు (డి.సి.ఆర్.) మీకే నేరుగా పంపేలా రాయించుకోండి. తర్వాత నైజాం (తెలంగాణ) ఏరియా డిస్ట్రిబ్యూటర్లతో బేరానికి కూర్చున్నప్పుడు ఆ కాగితాలే అడుగుతారు.