జయపురం నుంచి ప్రశ్న: పికప్ బండిపై అమర్చుకునే పాప్-అప్ క్యాంపర్ చేయిస్తున్నాము, బరువు గురించీ వాన గురించీ సలహా కావాలి

జయపురం నివాసి:

అందరికీ నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా జయపురం. తాతగారి కాలంలో బొబ్బిలి ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మూడేళ్లుగా నా దగ్గర ఒక డబుల్ క్యాబ్ పికప్ ఉన్నది, దాని వెనుక డెక్ పొడవు సుమారు 5 అడుగులు. దానిపై అమర్చుకునే పాప్-అప్ క్యాంపర్ ఒకటి చేసిపెట్టమని ఒక వర్క్‌షాపుకు బయానా ఇచ్చాను, దసరా వెళ్లిన తర్వాత అప్పగిస్తామన్నారు. మా ప్రాంతంలో క్యాంపర్ అనగానే అందరికీ బొలెరో క్యాంపరే గుర్తుకు వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను, నేను అడుగుతున్నది ఆ బండి గురించి కాదు. డెక్‌లో కూర్చునే ఒక చిన్న గది గురించి. ప్రయాణంలో దాని పైకప్పు కిందికి దిగి ఉంటుంది, ఆగిన చోట కొక్కేలు విప్పి లోపలి నుంచి నెడితే సుమారు రెండు అడుగులు పైకి లేస్తుంది, చుట్టూ క్యాన్వాస్ గోడలు విచ్చుకుని మనిషి నిటారుగా నిలబడే చోటు ఏర్పడుతుంది. పడక డ్రైవర్ క్యాబిన్ పైభాగంలోకి చొచ్చుకుని ఉంటుంది.

దీనిని కొనడానికి కారణం మా అమ్మ. ఆమెకు 68 ఏళ్లు. దేవమాలి కొండపై తెల్లవారడం చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నది. చలికాలంలో అక్కడి దగ్గర గదులు దొరకవు, దొరికినా పరాయి పక్కల మీద ఆమె పడుకోలేదు. ఒలిసె పూలు పూసి పొలాలన్నీ పసుపుపచ్చగా ఉండే కార్తీకంలో ఆమెనూ, నా భార్యనూ, తొమ్మిదేళ్ల పాపనూ తీసుకుని వెళ్లి రెండు రాత్రులు కొండ కింద ఉండాలని మా కోరిక.

వర్క్‌షాపువారు క్యాంపర్ ఖాళీ బరువు 340 కిలోలు ఉంటుందని చెప్పారు. అందులో 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, ప్లైవుడ్ అలమరలు ఉంటాయి. మా బండికి ఈ బరువు ఎక్కువవుతుందా, మన ఘాటు రోడ్ల మీద ఇబ్బంది పెడుతుందా, క్యాన్వాస్ గోడలు మన వానలకు ఆగుతాయా అన్నవి నా సందేహాలు. వాడిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

బరంపురం బాటసారి:

నమస్కారం అండీ. నేను ఏడాదికి పైగా ఇటువంటి క్యాంపర్‌నే వాడుతున్నాను. మీ మూడు సందేహాలలో మొదటిదే అన్నిటికంటే ముఖ్యమైనది, దాని సంగతి తేలకుండా మిగిలినవాటి జోలికి వెళ్లవద్దని నా మనవి.

340 కిలోలన్నది ఖాళీ పెట్టె బరువు మాత్రమే. లీటరు నీరు ఒక కిలో కాబట్టి ట్యాంకు నింపగానే మరో 100 కిలోలు చేరతాయి. దానిపై సిలిండర్, బ్యాటరీ, పరుపులు, వంట సామాను, చివరికి మీ నలుగురి బరువు కూడా బండి మోయగల బరువులోనే లెక్కకు వస్తాయి. సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన డబుల్ క్యాబ్ పికప్‌లు చూడడానికి ఎంత దిట్టంగా ఉన్నా, వాటికి కంపెనీ అనుమతించిన భారం మనం ఊహించేదానికంటే బాగా తక్కువ. బండికి కంపెనీ బిగించిన ప్లేటు మీద గరిష్ఠ మొత్తం బరువు అంకె ఉంటుంది. మీరు డీజిల్ నిండుగా పోయించి, ఖాళీ బండిని వేబ్రిడ్జి మీద కాటా వేయించి, ఆ అంకెలో నుంచి ఈ అంకెను తీసివేయండి. మిగిలినదే మీ చేతిలో ఉన్నది. బ్రోచర్లలోని అంకెలను గానీ, వర్క్‌షాపువారి నోటి మాటను గానీ నమ్మవద్దు.

నేను ఈ పని చేయకుండానే మొదటిసారి దారింగబడికి బయలుదేరాను. చీకటి పడిన తర్వాత గమనించినదేమిటంటే, నా హెడ్‌లైట్లు రోడ్డు మీద కాకుండా చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి. వెనుక భాగం అంతగా కుంగిపోయింది. మలుపుల దగ్గర స్టీరింగ్ తేలికైపోయి ముందు చక్రాలు నేలను సరిగా పట్టుకోవడం లేదని చేతులకు తెలుస్తూనే ఉన్నది. దిగువకు వచ్చేటప్పుడు బ్రేకుల నుంచి కాలిన వాసన వచ్చింది. మరునాడు కాటా వేయిస్తే ప్లేటు మీద ఉన్నదానికంటే 140 కిలోలు ఎక్కువగా ఉన్నది. ఆ చీటీని ఇప్పటికీ బండి డాష్‌బోర్డులో దాచుకున్నాను. ఎదురుగా వచ్చే వారి కళ్లలో లైటు కొడుతూ, కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని ఆ ఘాటు ఎక్కినందుకు నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది.

మరొక మాట. వెనుక కమాన్ కట్టకు పట్టీలు ఎక్కువ వేయిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. పట్టీలు వేస్తే బండి కుంగడం తగ్గుతుందే కానీ బ్రేకులు, ఇరుసు, ఛాసిస్ మోయగల శక్తి పెరగదు. కాటా లెక్కలో చోటు చాలకపోతే పెట్టెనే తేలిక చేయించాలి. బరువైన సామాను అంతా వెనుక ఇరుసుకు ముందువైపు, నేలకు దగ్గరగా ఉండాలి. నీళ్ల ట్యాంకును తలుపు పక్కన పెడతామంటే ఒప్పుకోకండి.

వాన గురించి క్లుప్తంగా చెబుతాను. మంచి క్యాన్వాస్ వానకు ఆగుతుంది, కానీ తడిసిన క్యాన్వాస్‌ను మడిచి ఉంచితే మాత్రం పాడవుతుంది. గోపాల్‌పూర్‌లో ముసురులో కప్పు దించి ఇంటికి వచ్చి, పని ఒత్తిడిలో అయిదు రోజులు తెరవలేదు. ఆరో రోజు కప్పు ఎత్తితే మడతల వెంబడి మిరియపు గింజల్లాంటి నల్లటి బూజు మచ్చలు వరుసగా కనిపించాయి, అవి ఎంత కడిగినా పోలేదు. తడిగా దించక తప్పనప్పుడు, ఇంటికి చేరిన రోజే మళ్లీ ఎత్తి, కిటికీల జిప్పులన్నీ తీసి పూర్తిగా ఆరబెట్టండి.

రాయగడ బాడీ బిల్డర్:

బాటసారి గారు చెప్పినదంతా నిజం. నేను 22 ఏళ్లుగా లారీలకూ వ్యాన్లకూ బాడీలు కడుతున్నాను, పికప్‌లపై ఇటువంటి పెట్టెలు ఇప్పటికి మూడు చేశాను. కట్టేవాడి వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను.

340 కిలోలు అయ్యాయంటే ఇనుప యాంగిల్‌తో ఫ్రేమ్ కట్టి, లోపల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడుతున్నారని నా అంచనా. అల్యూమినియం చదరపు పైపుతో ఫ్రేమ్ కట్టి, అలమరల స్థానంలో గుడ్డ సంచీలు, వలలు వేలాడదీస్తే బరువు బాగా దిగుతుంది. అయితే అల్యూమినియం వెల్డింగు అందరికీ చేతకాదు. గతుకుల రోడ్డు మీద పికప్ ఛాసిస్ మెలితిరుగుతుంది, ఆ మెలికకు ఫ్రేమ్ కొద్దిగా వంగి మళ్లీ సర్దుకోవాలి. నాసి వెల్డింగు అయితే క్యాబిన్ మీదికి చొచ్చుకు వచ్చే పడక భాగం మూలలోనే ముందుగా చీలిక పడుతుంది. మీరు పని జరుగుతున్నప్పుడే వెళ్లి ఆ మూలను చేతితో తడిమి చూడండి.

పెట్టెను బండికి పట్టి ఉంచేది నాలుగు మూలల్లోని టర్న్‌బకిళ్లు, అంటే తిప్పి బిగించే మరల కొక్కేలు. డెక్ రేకు పలచన కాబట్టి రేకుకు మాత్రమే బోల్టు బిగిస్తే కుదుపులకు చిరిగిపోతుంది. రేకు అడుగున మందపాటి ఇనుప పలకలు వేసి, వీలైన చోట ఛాసిస్‌కు కలిపి బిగించాలి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, ఆపై ప్రతి ఉదయం బయలుదేరే ముందు వాటిని బిగించి చూసుకోవాలి.

చట్టం విషయం మీరు అడగలేదు, అయినా చెప్పడం నా బాధ్యత. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీ కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అందుచేత డెక్‌ను కోయించవద్దు, పెట్టెను శాశ్వతంగా వెల్డింగు చేయించవద్దు. నాలుగు జాకీలపై ఎత్తి దించుకోగలిగేలా ఉండాలి. నంబరు ప్లేటు, వెనుక లైట్లు కప్పబడకూడదు. పని మొదలుకాక ముందే ఆర్టీఓ కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ఏదైనా జరిగిన తర్వాత చెబితే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది.

జయపురం నివాసి:

ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. అన్నగారూ, మీరు ఊహించినట్టే అది ఇనుప యాంగిలే అని వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే తెలిసింది. ఈ ఆదివారం కాటా వేయిస్తాను. మరొక సందేహం ఉన్నది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైపడక ఎక్కలేదు. లోపల నలుగురం రాత్రి ఎలా గడపాలో, వంట లోపలే చేసుకోవచ్చో లేదో కూడా ఎవరైనా చెప్పగలరా?

పర్లాకిమిడి ఆడపడుచు:

తమ్ముడూ, మేము పదకొండేళ్లు అమెరికాలో ఉన్నాము. అందులో ఆరేళ్లు ఫోర్ వీల్ క్యాంపర్స్ వారి పెట్టె మా పికప్ మీద ఉండేది. ఆ కంపెనీ 1972 నుంచి ఇవే చేస్తున్నది, మన అన్నగారు చెప్పిన అల్యూమినియం ఫ్రేమే వారిది కూడా. అయినా అన్ని హంగులతో తీసుకుంటే అక్కడివి 450 కిలోలకు పైగానే తూగుతాయి. అక్కడి పికప్‌లు పెద్దవి కాబట్టి మోస్తాయి, ఆ ఫొటోలు చూసి మన బండ్లకు అవే హంగులు కోరుకోవడం సరికాదు.

అమ్మగారికి కింద బల్ల స్థానంలో పడక వచ్చేలా చేయించు. పగలు కూర్చునే బెంచీల మధ్య పలక దించి, పైన పరుపు పరిస్తే ఒక మనిషికి హాయిగా సరిపోతుంది. మీ భార్యాభర్తలు, పాప పైన పడుకోండి. వెనుక తలుపు దగ్గర మెట్టు ఎత్తు ఎక్కువగా ఉంటుంది, దానికి రెండు మెట్ల స్టూలు ఒకటీ, తలుపు పక్కన పట్టుకోవడానికి గట్టి పిడి ఒకటీ తప్పకుండా పెట్టించు. బండి నడుస్తున్నప్పుడు మాత్రం ఎవరూ లోపల ఉండకూడదు. పాప ఎంత మారాం చేసినా సీటు బెల్టు ఉన్న క్యాబిన్‌లోనే కూర్చోవాలి.

వంట విషయంలో నేను కచ్చితంగా చెబుతాను. పొయ్యి బయట పెట్టుకో. మన వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే పైకి పోకుండా నేల మీద పేరుకుంటుంది. సిలిండర్‌ను లోపలే ఉంచక తప్పకపోతే, దాని పెట్టెకు అడుగున బయటికి రంధ్రం ఉండాలి. చలికి కుంపటిగానీ బొగ్గులుగానీ లోపలికి తీసుకురావద్దు, వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. జయపురంలో చలి లేదనుకున్న రోజున కూడా అక్కడ గాలి కోస్తుంది. మందమైన బొంతలు, ఉన్ని టోపీలు, అమ్మగారికి వేడినీళ్ల సంచీ చాలు. చలిగా ఉన్నదని కిటికీలన్నీ మూసుకోవద్దు. నలుగురి ఊపిరికి తెల్లవారేసరికి కప్పు లోపలివైపు నీటి బొట్లు పట్టి పరుపుల మీద రాలతాయి, ఎదురెదురుగా రెండు కిటికీలు నాలుగు వేళ్ల మందం తెరిచి ఉంచితే ఆ బాధ ఉండదు.

బండి నిలిపే చోటు గురించి కూడా ఒక మాట. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో అడగకుండా రాత్రి ఉండగలిగిన చోట్లు చాలా ఉన్నాయి. ఇక్కడ అలా కాదు. వెలుతురు ఉండగానే ఊరు చేరి, పెద్దలను కలిసి, ఎక్కడ నిలపమంటారో అడుగు. మేము మహేంద్రగిరి వైపు వెళ్లినప్పుడు అలా అడిగితే, ఒక పెద్దాయన తన కళ్లం పక్కన చదునైన చోటు చూపించి, పొద్దున్నే చుట్టకుదురు మీద పెట్టిన కుండలో వేడినీళ్లు పంపించాడు. ముందుముందు రుషికుల్యా తీరానికి వెళ్లాలనుకుంటే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో ఇసుక దగ్గర బండి నిలపడం, లైట్లు వేయడం వద్దు.

ఇక ఆనందం సంగతి. కప్పు ఎత్తిన మొదటి రాత్రి క్యాన్వాస్ మీద మంచు రాలే చప్పుడు వింటూ పడుకున్నది నాకు ఇంకా గుర్తు. అమ్మగారు తెల్లవారుజామున తన పక్క మీద నుంచే జిప్పు తీసి లోయలో మబ్బు చూస్తారు. ఆమె తలవైపు తూర్పు కిటికీ వచ్చేలా బండి నిలుపు.

జయపురం నివాసి:

అక్కయ్య గారూ, అందరికీ నా నమస్కారాలు. ఆదివారం కాటా అయింది. ప్లేటు అంకెలో నుంచి ఖాళీ బండి బరువు తీసివేస్తే మిగిలినది 540 కిలోలు. మేము నలుగురం కలిసి 225. అంటే పెట్టెకూ సామానుకూ కలిపి 315 కిలోలే. చెప్పిన 340 కిలోల పెట్టె ఖాళీగానే పట్టదు. వర్క్‌షాపువారితో రెండు గంటలు కూర్చుని మాట్లాడాను. ఫ్రేమ్ అల్యూమినియంతో కడతారు, అలమరలు, ఫ్రిజ్, లోపలి పొయ్యి తీసివేశాము, ట్యాంకు 35 లీటర్లకు తగ్గించాము. ఖాళీ పెట్టె 230 దాటకూడదని కాగితం మీద రాయించుకున్నాను, మిగిలిన సొమ్ము కాటా చీటీ చూసిన తర్వాతే ఇస్తానన్న మాటకు వారు కూడా ఒప్పుకున్నారు. ఇందువల్ల అప్పగింత పది రోజులు ఆలస్యమవుతుంది, ఒలిసె పూలు అప్పటికీ ఉంటాయి. తూర్పు కిటికీ మాట అమ్మకు చెప్పాను. ఆమె ఆ కిటికీ కొలత అడిగి, పాత పట్టుచీర అంచుతో దానికి తెర కుట్టడం మొదలుపెట్టింది.