టీడీఎస్ 40 చూపిస్తే క్యాన్ నీళ్లు మంచివేనా?

ప్రశ్న (నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం): ఫ్లోరైడ్ భయానికి నల్లా నీళ్లు మానేసి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటున్నాం. ప్లాంటాయన టీడీఎస్ మీటరు ముంచి 40 చూపించి, ఇంతకన్నా మంచి నీళ్లు దొరకవమ్మా అంటాడు. కానీ ఈ వానాకాలం పాపకు మాటిమాటికీ మోషన్స్. క్యాన్ ఖాళీ అయ్యాక చూస్తే అడుగున పచ్చటి జీర ఉంది. టెస్ట్ ఎక్కడ చేయించాలి? మరిగిస్తే సరిపోతుందా?

జవాబు (నీటి ల్యాబులో పనిచేసిన అనుభవంతో): అక్కా, ముందు పాపను డాక్టరుకు చూపించండి. ఓఆర్ఎస్ తాపుతూ ఉండండి, దాన్ని కూడా మరిగించి చల్లార్చిన నీళ్లలోనే కలపండి.

ఆ మీటరు నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాలు (టీడీఎస్ అంటే అవే) ఎన్నో అంచనా కడుతుంది, అంతే. 40 వచ్చిందంటే ప్లాంటులో లవణాలను వడకట్టే ఆర్‌ఓ మెంబ్రేన్ (సన్నటి పొర) పనిచేస్తున్నట్టే. ఫ్లోరైడ్ కూడా చాలావరకు పోయే ఉంటుంది. క్రిములు మాత్రం ఆ మీటరుకు అసలు కనబడవు.

అసలు తిప్పలు మెంబ్రేన్ దాటాకే మొదలవుతాయి. ప్లాంటులో కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను ముందే తీసేస్తుంది. ఆ తర్వాత ట్యాంకులో, పైపులో, సరిగా కడగని క్యాన్‌లో క్రిములు చేరితే చంపడానికి నీళ్లలో ఏమీ మిగలదు. క్రిములను చంపే యూవీ దీపం ఉన్నా అది వెలుగు పడినంతసేపే. మీరు చూసిన పచ్చ జీర పాచి. ఎండ తగిలే చోట పెట్టిన క్యాన్‌లో అది త్వరగా పడుతుంది. ఆ క్యాన్ వెంటనే వాపసు ఇచ్చేయండి.

మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే రెండింటికీ వేర్వేరు పరీక్షలు.

క్రిములకు ఇంట్లోనే హెచ్‌టూఎస్ సీసాతో (మలం కలిస్తే నీళ్లు నల్లబడే మందున్న చిన్న సీసా) చూడొచ్చు. పంచాయతీలో గానీ గ్రామీణ నీటి సరఫరా వాళ్లను గానీ అడగండి. మూత లోపలి వైపు వేలు తగలనీయకుండా గీత దాకా నీళ్లు నింపి, వెచ్చటి చోట 24 నుంచి 48 గంటలు ఉంచండి. నల్లబడితే మలం కలిసిన నీళ్లని అనుమానించాలి, తాగొద్దు. నల్లబడనంత మాత్రాన పూర్తి భరోసా కాదు, ల్యాబ్ పరీక్షే ఖాయం.

ల్యాబ్ అంటే నల్లగొండలో గ్రామీణ నీటి సరఫరా శాఖది, లేదా హైదరాబాద్ నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఫ్లోరైడ్‌కు లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. క్రిముల పరీక్షకు ల్యాబ్ ఇచ్చే శుద్ధిచేసిన సీసానే వాడాలి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి. రిపోర్టులో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట తాగునీటి ప్రమాణం 1.5 దాకా ఒప్పుకుంటుంది. మలం కలిసిందని చెప్పే ఈ. కోలి క్రిమి అసలు ఉండకూడదు.

ప్రశ్న (దేవరకొండ): అన్నా, సీల్ బాటిల్ కొంటే ఐఎస్ఐ గుర్తు చాలదా?

జవాబు: గుర్తు ఒక్కటే చూసి నమ్మకండి. దాని పైన ఐఎస్ 14543 (ప్యాక్ చేసిన తాగునీటి ప్రమాణం నంబరు), కింద సీఎం/ఎల్ నంబరు (కంపెనీ లైసెన్సు నంబరు) ఉండాలి. ఆ లైసెన్సు నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది, లేబుల్ మీద పేరుతో పోల్చుకోండి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా చూడండి. మూత కింద రింగు తెగి ఉంటే తీసుకోవద్దు.

మర్రిగూడ అక్కకు ఇంకో మాట. మీ నల్లాకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లు మీ ఊరి బోరువి కావు, శుద్ధిచేసిన నది నీళ్లు. మన దగ్గర చాలామంది బ్లీచింగ్ వాసనకే వాటిని పక్కన పెడుతున్నారు. ఆ వాసన ఇచ్చే క్లోరిన్ నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ప్రమాణమే చెబుతోంది, దారిలో చేరే క్రిములను ఆపేది అదే. ఊళ్లో బోరు నీళ్లు కలుపుతున్నారేమో పంచాయతీని అడగండి. క్యాన్ నీళ్లతో పాటు నల్లా నీళ్లు కూడా ఒక సీసా పట్టి ల్యాబ్‌కు ఇవ్వండి. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని పాపకు ఏవి తాపాలో అప్పుడు తేల్చుకోండి.

ప్రశ్న (మర్రిగూడ మండలం): సరే అన్నా. ప్లాంటు బయటికి వదిలే నీళ్లు బర్రెలకు తాపుతున్నాం, పర్వాలేదా?

జవాబు: వద్దక్కా. మెంబ్రేన్ ఆపిన ఫ్లోరైడంతా ఆ నీళ్లలోనే పోతుంది, బోరు నీళ్లకన్నా వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పశువుల పళ్లకూ ఎముకలకూ కూడా అది చేటే.