మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే: ఇంటిల్లిపాదికీ చదివిపెట్టే పని, నా చదువు రెండూ ఎలా నెగ్గుకురావాలి?

ప్రశ్న: రెడ్‌హిల్స్ విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది ఆంధ్రలోని కనిగిరి ప్రాంతం. వానలు లేక, బోర్లు ఎండిపోయి, మా అమ్మానాన్నలు నా చిన్నతనంలోనే చెన్నైకి వలస వచ్చి కట్టడం పనుల్లో కుదిరారు. నాన్న తాపీ పని చేస్తారు, అమ్మ ఇటుకలూ సిమెంటూ అందిస్తుంది. నేను ఏడో తరగతి వరకు ఊళ్లో అమ్మమ్మ దగ్గర చదువుకుని, ఎనిమిదిలో ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలో చేరి, ప్లస్ టూ పూర్తిచేశాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో బి.కాం. మొదటి సంవత్సరం చదువుతున్నాను. అమ్మ వైపూ నాన్న వైపూ పదో తరగతి దాటినవాళ్లు నాకంటే ముందు ఎవరూ లేరు.

ప్రభుత్వ కళాశాల కాబట్టి ఫీజు మాకు భారం కావడం లేదు. నన్ను ఇబ్బంది పెడుతున్నది సమయం. ఇంట్లో తమిళం, ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగేది నేనొక్కదాన్నే కావడంతో బ్యాంకు పని, రేషన్ కార్డు, స్టాన్లీ ఆసుపత్రిలో అమ్మ మోకాళ్ల వైద్యం, ఇంటి యజమానితో మాట్లాడటం, అన్నీ నా మీదే పడ్డాయి. దీనికి తోడు శనివారం సాయంత్రం బట్వాడా అయ్యాక మా ఇళ్ల వరసలోని వాళ్లంతా హాజరు పుస్తకాలు పట్టుకుని మా గుమ్మం ముందు కూర్చుంటారు. పూర్తి రోజుకు నిలువు గీత, సగం రోజుకు చుక్క, మధ్యలో వాడుకున్న అడ్వాన్సు ఎర్ర సిరాతో ఉంటుంది. గీతలు లెక్కపెట్టి, అడ్వాన్సు తీసేసి, చేతికొచ్చిన డబ్బు సరిపోయిందో లేదో ఒక్కొక్కరికీ చెప్పేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. మేస్త్రీ లెక్కలో తేడా పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి కాబట్టి ఆ పని అనవసరమని నేను అనలేను. కానీ మా ఇంటర్నల్ పరీక్షలు ఎక్కువగా సోమవారాల్లోనే ఉంటున్నాయి.

అమ్మానాన్నలు నన్ను చదువు మానమని ఏనాడూ అనలేదు. కాలేజీకి వెళ్లి రావడమే చదువని, ఇంటికి వచ్చాక పుస్తకం పట్టుకోవడం తీరిక ఉంటే చేసే పని అని వాళ్లు అనుకుంటున్నారు. అలా కాదని వాళ్ల మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

మరో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. మేము షెడ్యూల్డు కులానికి చెందినవాళ్లం, నాన్నకు ఆంధ్రలో తీసుకున్న ధ్రువపత్రం ఉంది, అయినా కళాశాల కార్యాలయంలో నన్ను ఓసీగా రాసుకున్నారు. ఇది సరైనదేనా? తమిళనాడు ప్రభుత్వ పుదుమై పెణ్ పథకం కింద నా తోటి అమ్మాయిలకు నెలనెలా వస్తున్న వెయ్యి రూపాయలు నాకు రావడం లేదు. వేరే సాయం ఏదైనా ఉందా? పదకొండో తరగతి చదువుతున్న మా తమ్ముడు మొదటి నుంచీ ఇక్కడి ప్రభుత్వ బడిలోనే చదివాడు.

జవాబు: తాలూకా కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి

అమ్మా, ముందు మీ కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే వీటి విషయంలో మన తెలుగు కుటుంబాలు బ్రోకర్ల చేతిలో అనవసరంగా డబ్బు పోగొట్టుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

మిమ్మల్ని ఓసీగా రాయడం నిబంధనల ప్రకారం సరైనదే. షెడ్యూల్డు కులాల జాబితాను రాష్ట్రపతి 1950 ఆగస్టు 10న రాష్ట్రాల వారీగా ప్రకటించారు, ఆనాటికి కుటుంబం ఏ రాష్ట్రంలో స్థిరపడి ఉందో ఆ రాష్ట్రంలోనే ఆ హోదా వర్తిస్తుంది. తరువాత వేరే రాష్ట్రానికి వలస వెళ్లినవారికి కొత్త రాష్ట్రంలో రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది, 2018లో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే మాటను బలపరచింది. తమిళనాడు జాబితాలో ఆది ఆంధ్ర అన్న కులం పేరు కనిపించేసరికి అది మనందరికీ వర్తిస్తుందని చాలామంది పొరబడతారు. అది తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల కోసం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు కూడా తండ్రి రాష్ట్రాన్నే చూడటం న్యాయమేనా అని నాకూ అనిపిస్తుంది, కానీ చట్టం ప్రస్తుతానికి అలా ఉంది.

అలాగని నాన్నగారి ధ్రువపత్రం వృథా కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకూ, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలకూ మీరు ఎస్సీ అభ్యర్థే. కాబట్టి ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ పేరు మీద, కేంద్ర ప్రభుత్వ నమూనాలో, అక్కడి తహసీల్దారు నుంచి ధ్రువపత్రం తీసుకోండి. డిగ్రీ చివరి ఏడాదిలో దరఖాస్తులు నింపే వేళకు దాని కోసం పరుగులు పెట్టడం కంటే ఇప్పుడే చేతిలో ఉంచుకోవడం మేలు.

పుదుమై పెణ్ పథకం ఆరు నుంచి పన్నెండు వరకు తమిళనాడు ప్రభుత్వ బడుల్లో చదివిన అమ్మాయిల కోసం 2022 సెప్టెంబరులో మొదలైంది. మీరు ఆరు, ఏడు ఊళ్లో చదివారు కాబట్టి రాలేదు. మీ తమ్ముడికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. అబ్బాయిల కోసం 2024 ఆగస్టులో మొదలైన తమిళ్ పుదల్వన్ పథకం కింద కాలేజీలో చేరాక నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి. ఇంజినీరింగు వంటి వృత్తి విద్యా కోర్సుల్లో ప్రభుత్వ బడి పిల్లలకు 2021 చట్టం కేటాయించిన 7.5 శాతం సీట్లలో చేరినవారికి ఫీజు, హాస్టలు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ఆరు నుంచి పన్నెండు వరకు అక్కడే చదివినట్టు ప్రధానోపాధ్యాయుల ధ్రువపత్రం ముందుగానే అడిగి పెట్టుకోమనండి. కుటుంబంలో మొదటి పట్టభద్రులకు ఇచ్చే ఫీజు రాయితీ ఒకటి 2010-11 నుంచి ఉంది గానీ, అది ప్రభుత్వం నిర్వహించే సింగిల్ విండో కౌన్సెలింగు ద్వారా వృత్తి విద్యా కోర్సుల్లో చేరేవారి కోసం. మీ బి.కాం.కు అది ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మీకు పనికొచ్చేవి రెండున్నాయి. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర రంగ స్కాలర్‌షిప్ అనే పథకం కులంతో సంబంధం లేకుండా, బోర్డు పరీక్షలో పైనున్న 20 శాతం మందిలో నిలిచి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటని విద్యార్థులకు డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు ఇస్తుంది. కొత్త దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే చేయాలి కాబట్టి ఆలస్యం చేయకండి. రెండోది, మీ అమ్మానాన్నలు తమిళనాడు కట్టడ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదై ఉన్నారో లేదో చూడండి. నమోదైన కార్మికుల పిల్లలకు డిగ్రీ చదువుకూ సాయం అందుతుంది, పనిచోట ప్రమాదం జరిగినా ఆ కార్డే ఆధారం.

జవాబు: కామర్స్ అధ్యాపకురాలు, ఉత్తర చెన్నై

చెల్లెమ్మా, మా అమ్మానాన్నలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి కాశిమేడులో చేపల పని చేసినవాళ్లు, మా ఇంట్లోనూ మొదటి డిగ్రీ నాదే. అందుకే మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది పుస్తకం పట్టుకోవడం తీరిక పని అనుకుంటున్నారన్న మాట. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు. పగలంతా గోడ కట్టినవాళ్లకు సాయంత్రం లేచిన గోడ కనిపిస్తుంది, మీ పని వాళ్లకు కనిపించే అవకాశమే లేదు.

కనిపించేలా చేయండి. నాన్నగారి హాజరు పుస్తకం లాంటిదే ఒకటి కొని, మీరు చదివిన ప్రతి గంటకూ ఒక గీత పెట్టి, పక్కన సబ్జెక్టు పేరు తెలుగులో రాసి, శనివారం లెక్కలు మొదలుపెట్టేముందు ఆయనకు చూపించండి. ఆయనకు బాగా తెలిసిన పద్ధతి కాబట్టి వేరే వివరణ అక్కర్లేదు. ఈ వారం ఎన్ని గీతలు తగ్గాయో, ఏ పని వల్ల తగ్గాయో కూడా ఆయనే అడుగుతారు. అలాగే పని లేని ఒక రోజు ఇద్దరినీ కళాశాలకు తీసుకురండి. తరగతి గది, గ్రంథాలయం, పాత ప్రశ్నపత్రం ఒకటి చూపించండి. మూడు గంటలు కూర్చుని రాసే పరీక్ష అది అని కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు తెలిసినంతగా మాటల్లో తెలియదు.

మార్కుల సంగతి కూడా వాళ్లకు విడమరచి చెప్పండి. మద్రాసు విశ్వవిద్యాలయ పద్ధతిలో పేపరుకు 25 మార్కులు ఇంటర్నల్, 75 మార్కులు చివరి పరీక్ష. హాజరు 75 శాతం ఉండాలి. ఆసుపత్రి రోజులు ఆ హాజరులోంచే పోతాయి కాబట్టి, వెళ్లాల్సి వచ్చిన ప్రతిసారీ ఓపీ చీటీ నకలు జతచేసి మీ క్లాస్ ట్యూటర్‌కు లేఖ ఇవ్వండి. ఇలాంటి ఇబ్బంది చెప్పుకోవడం బిచ్చమెత్తడం లాంటిదని మన పిల్లలు నోరు మెదపరు, అధ్యాపకులేమో ఆసక్తి లేని విద్యార్థి అనుకుంటారు. చెప్పినవాళ్లకు పరీక్ష తేదీ మార్చిన సందర్భాలు నా విభాగంలోనే ఉన్నాయి.

ఒకే గదిలో నలుగురు ఉంటూ చదవడం కష్టమే. ఎగ్మోర్ (ఎళుంబూరు)లోని కన్నిమరా గ్రంథాలయంలో గానీ, కోట్టూర్‌పురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదివే విభాగంలో గానీ ఆదివారం ఒక పూట గడపండి. 2021 మే నుంచి సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి దారి ఖర్చు గురించి ఇంట్లో అడగాల్సిన పనిలేదు.

జవాబు: అంబత్తూరు ఉద్యోగిని

అధ్యాపకురాలు చెప్పినవాటిలో ఒక్కటి తప్ప అన్నిటితో నేను ఏకీభవిస్తాను. నాన్నగారికి గీతలు చూపిస్తే అర్థం చేసుకుంటారేమో గానీ, గుమ్మం ముందు కూర్చున్న మిగతావాళ్లకు ఆ అర్థం చేసుకోవలసిన అవసరం లేదు. వాళ్ల కూలి వాళ్లకు ముఖ్యం, అది తప్పూ కాదు. మీరు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరాక ఆ లెక్కలు ఎవరు చూస్తారు? మీ వరసలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తప్పకుండా ఉంటారు. మీ తమ్ముణ్ని, మరో ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని గీతలు కూడటం, అడ్వాన్సు తీసేయడం నేర్పించండి. తేడా వచ్చిన పుస్తకం మాత్రమే మీ దగ్గరికి రావాలి. ఇంటికి పెద్దకూతురు కావడం వల్ల అన్నీ తానే చేయాలన్న భావన మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. తమ్ముడు పదకొండో తరగతి చదువుతున్నాడంటే అతనికి తమిళం, ఇంగ్లీషు చదవడం వచ్చు. ఆసుపత్రికి, బ్యాంకుకు అతను ఎందుకు వెళ్లడం లేదో మీ ప్రశ్నలో ఎక్కడా కనిపించలేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడి గురించి అడిగిన మాట నిజమే. అతనికి వచ్చే ఏడాది పబ్లిక్ పరీక్షలు ఉన్నాయని ఇంట్లో ఎవరూ కదిలించరు, నా పరీక్షలకు అలాంటి పేరు లేకపోవడం వల్ల ఎవరికీ గుర్తుండదు. ఈ వారం నుంచి హాజరు పుస్తకాల లెక్క అతనికీ, మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయికీ నేర్పుతున్నాను. నాన్నకు సంక్షేమ మండలి కార్డు ఉంది గానీ గడువు దాటిపోయింది, అమ్మ పేరు అసలు నమోదే కాలేదు. అమ్మది తాపీ పని కాదు, మోత పని. ఆమెకు కార్డు ఇస్తారా?

జవాబు: తాలూకా కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి

తప్పకుండా ఇస్తారమ్మా. కట్టడం దగ్గర ఇటుకలు, ఇసుక మోసేవారు కూడా కట్టడ కార్మికులే. 18 ఏళ్లు నిండి 60 దాటకుండా ఉంటే నమోదు కావచ్చు. నాన్నగారి కార్డు పునరుద్ధరణ, అమ్మగారి కొత్త నమోదు ఒకేసారి పెట్టండి. ఆధార్, ఫోటో, బ్యాంకు పుస్తకంతో పాటు కట్టడం పనిలో ఉన్నట్టు ధ్రువీకరణ కావాలి. మేస్త్రీ సంతకం పెట్టడానికి వెనకాడితే కార్మిక సంఘం ద్వారా ప్రయత్నించండి. ఈ పనికి మీ తమ్ముణ్ని పంపండి.