'తిన్నాను' అంటే 'ఐ ఏట్' అనాలా, 'ఐ హ్యావ్ ఈటెన్' అనాలా?

అందరికీ నమస్కారం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు మా అమ్మాయి ఆరో తరగతి. దానికి ఇంగ్లీషు హోంవర్క్ నేనే చెప్పాలని మళ్ళీ గ్రామర్ పట్టుకుని, సింపుల్ పాస్ట్ (జరిగిపోయిన పని చెప్పే రూపం) దగ్గర ఆగిపోయాను.

నిన్న రాత్రి అది 'ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్' అని రాసింది. 'వెంట్' కొట్టేసి 'గో' అని దిద్దాను. "జరిగిపోయిందే కదమ్మా, వెంట్ ఎందుకు రాదు?" అని పెన్సిల్ కింద పెట్టేసింది. కాలం సంగతి 'డిడ్' చెప్పేసింది, మళ్ళీ చెప్పక్కర్లేదు అన్నాను. మనమూ 'వెళ్ళాను లేదు' అనం, 'వెళ్ళలేదు' అంటాం కదా, అలాగే అనుకోమన్నాను. ఇలా చెప్పడం సరైనదేనా?

నాకు అసలు టెన్షన్ ఇంకోటి. మనకు 'తిన్నాను' ఒక్కటే. ఇంగ్లీషులో నిన్న, పోయిన వారం, 2019లో అని టైమ్ చెబితే 'ఏట్' అట. ఎప్పుడో చెప్పకుండా, ఇప్పుడు కడుపు నిండుగా ఉందనే అర్థంలో అయితే 'హ్యావ్ ఈటెన్' అట. కానీ అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోన్లో 'ఐ ఆల్రెడీ ఏట్' అంటాడు, అక్కడ అందరూ అలాగే అంటారట. మరి ఇక్కడ పరీక్షలో పిల్ల ఏది రాయాలి?

'కట్', 'పుట్' పాస్ట్‌లో కూడా మారవు. 'రీడ్' రాతలో మారదు, పలికేటప్పుడు 'రెడ్' అవుతుంది. ఇలాంటివి బట్టీ పట్టించకుండా మీ పిల్లలకు ఎలా నేర్పారు? దయచేసి చెప్పండి.